సినిమా సమీక్ష: సవరణ వేరు, తప్పులు దిద్దడం వేరు

కోనసీమలోనూ, గోదావరికి అటూ ఇటూ ఉన్న డెల్టా పట్టణాల్లోనూ డిగ్రీ చదివే పిల్లలకు తెలుగు అధ్యాపకులు ఇచ్చే రాతపనుల్లో సినిమా సమీక్ష ఒకటి. పిల్లలు ఇష్టంగా రాసేదీ అదే, అధ్యాపకులు దిద్దడానికి ఇబ్బంది పడేదీ అదే. కథ మీదో కవిత మీదో రాసిన వ్యాసంలో పొరపాటు ఉంటే పాఠ్యపుస్తకం తెరిచి ఫలానా పుట చూడమని చెప్పవచ్చు. సినిమా మీద రాసిన వ్యాసంలో పొరపాటు ఉంటే తెరిచి చూపించడానికి బల్ల మీద ఏమీ ఉండదు. అందువల్ల చాలామంది అందుబాటులో ఉన్నదాన్నే, అంటే కాగితం మీది అక్షరాలనే దిద్దుతారు. 'కధ'ను 'కథ'గా మారుస్తారు, ఒత్తు జారిపోయినచోట పెడతారు, చివర సంతకం చేస్తారు. ఆ ఎర్రగీతలను సరిచేసి సాపుగా రాసి ఇస్తే వ్యాసం బాగుపడినట్టేనని విద్యార్థి నమ్ముతాడు. వ్యాసం మాత్రం మొదట ఎక్కడ ఉందో అక్కడే ఉంటుంది.

ఇక్కడ రెండు పనులు కలగాపులగం అవుతున్నాయి. ఒకటి సవరణ. నేను ఏం చెబుతున్నాను, అది నిజమేనా, దానికి సినిమాలో ఆధారం ఎక్కడుంది, ముందు చెప్పవలసింది ముందే చెప్పానా అని రాసినవాళ్ళు తమను తాము నిలదీసుకునే పని అది. రెండోది తప్పులు దిద్దడం, అచ్చాఫీసు మాటల్లో చెప్పాలంటే ప్రూఫులు చూడటం. అక్షరం, ఒత్తు, విరామచిహ్నం, పేర్లు, తేదీలు, వాక్యంలో కర్తకూ క్రియకూ ఉండవలసిన పొత్తు, ఇవన్నీ దాని కిందికి వస్తాయి. మొదటి పనికి ఎదురుగా సినిమా ఉండాలి. రెండో పనికి చాలావరకు కాగితం ఉంటే సరిపోతుంది. మన తరగతి గదుల్లో జరుగుతున్న పొరపాటంతా మొదటి పనిని కూడా కాగితం చూసే చేయబోవడంలో ఉందని నా అభిప్రాయం. సమీక్షను సవరించడమంటే సినిమాను మళ్ళీ చూడటం, కనీసం ఏ సన్నివేశాల గురించి రాశామో వాటినైనా మళ్ళీ చూడటం.

ఈ రెండు పనుల వరస కూడా ముఖ్యమే. పనికిరాని పేరాలో అక్షరదోషాలు సరిదిద్ది, ఆ తరవాత ఆ పేరానే కొట్టేయడం ఊడ్పులయ్యాక దమ్ము పట్టినట్టు ఉంటుంది. శ్రమ వృథా కావడం ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు, కానీ నష్టం అంతకంటే పెద్దది. ఒకసారి తప్పులు దిద్ది శుభ్రంగా రాసుకున్న వాక్యాన్ని కొట్టేయడానికి ఎవరికీ చెయ్యి రాదు. చూడటానికి పూర్తయినట్టు ఉన్న వ్యాసం ఆలోచనలో కూడా పూర్తయిందనిపిస్తుంది. చిత్తుప్రతి చిత్తుగా ఉన్నంతకాలమే దాన్ని విప్పి కట్టగలం. అధ్యాపకులు మొదటి విడతలో ఎర్రసిరా ముట్టకుండా, అంచులో ప్రశ్నలు మాత్రమే రాయాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ఉదాహరణకు ఒక సినిమాను తీసుకుందాం. 'మూగమనసులు' గోదావరి జిల్లాల పిల్లలకు సమీక్షకు ఇవ్వదగ్గ సినిమా. 1964లో విడుదలైంది. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు పుట్టింది రాజమండ్రిలో, కథారచనలో పాలుపంచుకున్న ముళ్ళపూడి వెంకటరమణ పుట్టింది ధవళేశ్వరంలో. గోపిగా అక్కినేని నాగేశ్వరరావు, రాధగా సావిత్రి, గౌరిగా జమున నటించారు. కొత్తగా పెళ్ళయిన జంట గోదావరి మీద పడవలో వెళుతుండగా గతజన్మ జ్ఞాపకాలు మేలుకొంటాయి. అప్పటి కథ ఏమిటో ఒక ముసలామె వాళ్ళకు చెబుతుంది. జమీందారు కూతురు రాధను రోజూ ఏరు దాటించి కాలేజీకి చేర్చే పడవవాడు గోపి కథ అది. ఈ సినిమా మీద వచ్చే చిత్తుప్రతి ఎలా ఉంటుందో చూపడానికి కింది పేరా రాశాను. ఇందులోని వాక్యాలు ఏ ఒక్క విద్యార్థివీ కావు, ఇలాంటి వ్యాసాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే ధోరణులకు నమూనాగా అల్లినవి.

"మూగమనసులు 1964లో ఆదుర్తి సుబ్బారావు గారి దర్శకత్వంలో నిర్మించబడిన ఒక అద్భుతమైన దృశ్యకావ్యం. గోదావరి యొక్క నీలి జలాలు, పచ్చని కొబ్బరితోటలు కన్నుల పండువగా చిత్రీకరించబడ్డాయి. అక్కినేని మరియు సావిత్రి తమ పాత్రలలో నటించలేదు, జీవించారు. జమున కూడా బాగా చేసింది. ఆత్రేయ రాసిన 'గోదారి గట్టుంది' పాట నేటికీ అందరి నోళ్ళలో నానుతోంది. గోపి, రాధల మద్య ఉన్న స్వచ్చమైన ప్రేమ ప్రేక్షకుల హృదయాలను కదిలిస్తుంది. ఈ చిత్రం కలకాలం నిలిచిపోతుంది."

కాగితం మాత్రమే చూసి దిద్దేవారికి ఇందులో రెండు తప్పులు దొరుకుతాయి. 'మద్య' అని ఉన్నచోట 'మధ్య' అనీ, 'స్వచ్చమైన' అని ఉన్నచోట 'స్వచ్ఛమైన' అనీ దిద్దితే పేరా నిర్దోషంగా కనిపిస్తుంది. సినిమా ఎదురుగా పెట్టుకున్నవారికి కనిపించేవి వేరు. 'మూగమనసులు' నలుపు తెలుపు సినిమా. అందులో నీలి జలాలు లేవు, పచ్చని తోటలు లేవు. ఆ నీలమూ ఆ పచ్చదనమూ తెర మీద నుంచి వచ్చినవి కావు. రాసిన విద్యార్థి ఇంటి పెరట్లోంచి, తాను రోజూ దాటే కాలవగట్టు మీది నుంచి వచ్చినవి.

ఈ పొరపాటు మీద కాస్త నిలబడి ఆలోచించాలి, ఎందుకంటే డెల్టాలో పుట్టి పెరిగినవారి సమీక్షల్లో ఇదే అన్నిటికంటే లోతైనది. తెర మీద గోదావరి కనిపించగానే మనకు తెలిసిన గోదావరి అడ్డొచ్చి నిలబడుతుంది. ఆషాఢంలో ఎర్రనీరు దిగే ఏరు, వేసవిలో ఇసుకతిన్నెలు తేలే ఏరు, లంకల మధ్య చీలి పారే ఏరు మనకు కొట్టినపిండి. కాబట్టి తెర మీద ఏముందో చూడవలసిన అవసరం కనిపించదు. 'గోదావరి అందాలు' అని రాసేసి ముందుకు వెళ్ళిపోతాం. ఎక్కడో దూరాన ఉండి ఈ నదిని ఎన్నడూ చూడని విద్యార్థి అయితే, తెలియదు కాబట్టి, దర్శకుడు నీటిని ఎంత దూరం నుంచి చూపాడు, పడవను చట్రంలో ఎక్కడ నిలిపాడు, ఒడ్డు ఎప్పుడు కనిపిస్తుంది ఎప్పుడు మాయమవుతుంది అని కళ్ళప్పగించి చూస్తాడు. తెలిసిన చోటును రాయడంలో ఉన్న కష్టం ఇదే. ఈ కష్టాన్ని పోగొట్టేది మళ్ళీ చూడటం ఒక్కటే. 'మీరు రాసిన రంగు ఏ సన్నివేశంలో ఉందో నిమిషంతో సహా చూపించండి' అని అంచులో ఒక్క ప్రశ్న రాస్తే విద్యార్థి సినిమా దగ్గరికి తిరిగి వెళ్ళక తప్పదు.

అయితే స్థానికుల చూపు అడ్డంకి మాత్రమే అని నేను అనను. అది పెద్ద బలం కూడా, సరైన చోట వాడితే. చదువు కోసం రోజూ ఏరు దాటడమంటే ఏమిటో కోనసీమ పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి పాయ వశిష్ఠ దాటి నరసాపురం చేరినవారికి, పడవలో కూర్చున్న మనిషికీ దాన్ని నడిపే మనిషికీ మధ్య ఉండే దగ్గరతనమూ దూరమూ రెండూ తెలుసు. గోపీ రాధా రోజూ ఒకే పడవలో ఉంటారు. ఇద్దరి మధ్యా ఉన్నది నాలుగు బారల దూరం. కానీ అతని నోట వచ్చే 'అమ్మాయిగోరు' అన్న పిలుపు ఆ నాలుగు బారలనూ దాటనివ్వదు. అటువంటి పిలుపు ఈ ప్రాంతంలో ఎవరు ఎవరిని పిలుస్తారో, ఎవరు పిలవరో, ఆ పిలుపులో ఆప్యాయత ఎంత, అంతస్తుల తేడా ఎంత అన్నది ఇక్కడి విద్యార్థి రెండు వాక్యాల్లో వివరించగలడు. బయటివారు రెండు పుటలు రాసినా అందుకోలేని విషయం అది. నీలి జలాల వాక్యం పోయి ఈ పిలుపు మీద ఒక పేరా వస్తే వ్యాసం నిజంగా సవరించినట్టు.

ఇక అభిప్రాయాల సంగతి. నమూనా పేరాలో తీర్పులు చాలా ఉన్నాయి. అద్భుతమైన దృశ్యకావ్యం, నటించలేదు జీవించారు, హృదయాలను కదిలిస్తుంది, కలకాలం నిలిచిపోతుంది. వీటిలో ఏ ఒక్కటీ అబద్ధం కాదు. కానీ వీటిని ఎత్తి మరో పాత సినిమా సమీక్షలో పెట్టినా అంతే చక్కగా అతుకుతాయి. సవరణలో వాడదగ్గ పరీక్ష ఇదే: వాక్యంలో సినిమా పేరు మార్చి చదవండి, అర్థం చెడకపోతే ఆ వాక్యం ఈ సినిమా గురించి ఏమీ చెప్పడం లేదని తేల్చుకోండి. ఈ పరీక్షకు నిలబడే వాక్యం ఆ పేరాలో ఒక్కటైనా ఉందా అని చూస్తే, నటుల పేర్లూ ఏరు పేరూ తీసేశాక ఏదీ మిగలదు. విద్యార్థిని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. పత్రికల్లో, పోస్టర్ల మీద, ఆడియో వేడుకల్లో చిన్నప్పటి నుంచీ వింటున్న మాటలే పిల్లల కలంలోకి వస్తాయి. వాటిని దాటి తమ మాట దాకా రావడానికే చిత్తుప్రతి రాస్తారు. మొదటి ప్రతిలో ఊకదంపుడు ఉండటం సహజం, రెండో ప్రతిలో కూడా అదే ఉంటే మాత్రం చూసేవారు పట్టించుకోలేదని అర్థం.

ఆ పేరాలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే వాక్యం 'జమున కూడా బాగా చేసింది' అన్నది. సమీక్షకు కావలసిన అసలు విషయం ఆ వాక్యం కిందే ఉంది, 'కూడా' అన్న మాట దాన్ని తొక్కిపెట్టింది. గోపిని ప్రేమించిన పిల్ల గౌరి. అతని మనసు మరొకచోట ఉంది. రాధా గోపీ గోదావరి సుడిలో మునిగిపోయాక బతికి ఉండి, ఏళ్ళు గడిచి, ముసలితనంలో ఆ కథను కొత్త జంటకు అప్పగించేది ఆమే. అంటే మనం చూస్తున్న ప్రేమకథ మొత్తం, ఆ ప్రేమ దక్కని మనిషి నోట వింటున్నాం. ఈ సంగతి గమనించాక సినిమా వేరేగా కనిపిస్తుంది, వ్యాసానికి ఒక వెన్నెముక దొరుకుతుంది. సవరించిన తరవాత మొదటి పేరా ఇలా ఉండవచ్చు:

"మూగమనసులు గోపీ రాధల కథ. కానీ ఆ కథను మనకు చెప్పేది గౌరి. గోపిని ప్రేమించి, అతని మనసు తనవైపు లేదని తెలిసి కూడా, ఆ ఇద్దరూ ఏట్లో కలిసిపోయిన తరవాత వాళ్ళ కథను దాచిపెట్టి అప్పగించింది ఆమె. జన్మజన్మల బంధం అన్న మాట ఈ సినిమాలో రాధా గోపీలకు చెందుతుంది. ఒకే జన్మలో చివరిదాకా మోసిన బంధం గౌరిది. నాగేశ్వరరావు, సావిత్రిల కోసం సినిమా చూడటం మొదలుపెట్టిన ప్రేక్షకులు జమునను గుర్తుపెట్టుకుని లేవడానికి కారణం ఇదేనని నా వాదన."

ఈ పేరా గొప్పదని కాదు. దీనితో ఎవరైనా విభేదించవచ్చు, అదే దీని విలువ. రాధ పాత్రే కథకు కేంద్రమనీ, వితంతువైన ఆమెను ఊరు ఎలా చూసిందన్నదే సినిమా చెప్పే అసలు సంగతి అనీ మరో విద్యార్థి వాదించవచ్చు. ఏ వాదన ఎంచుకున్నా దాన్ని నిలబెట్టడానికి సన్నివేశాలు కావాలి, సన్నివేశాల కోసం మళ్ళీ సినిమా పెట్టుకోవాలి. 'అద్భుతమైన దృశ్యకావ్యం' అన్న వాక్యానికి ఆధారం ఎవరూ అడగరు కాబట్టి, అది రాసినవారికి సినిమా మళ్ళీ చూసే పని పడదు. వాదన ఉన్న వాక్యం రాసినవారిని పనిలో పెడుతుంది.

వాదన కుదిరాక కథ ఎంత చెప్పాలన్న చిక్కు దానంతట అదే చాలావరకు విడిపోతుంది. సగటు విద్యార్థి సమీక్షలో సగానికి పైగా కథాసంగ్రహమే ఉంటుంది. మొదటి సన్నివేశం నుంచి చివరిదాకా 'తరవాత', 'ఆ తరవాత' అంటూ వరసగా చెప్పుకుపోతారు. గౌరి గురించి వాదించదలచుకున్నవారికి గౌరి లేని సన్నివేశాలన్నీ చెప్పనక్కర్లేదు. వాదనకు పనికొచ్చే మూడు నాలుగు ఘట్టాలు చాలు. ముగింపు బయటపెట్టవచ్చా అన్న ప్రశ్న కూడా వస్తుంది. అరవై ఏళ్ళు దాటిన సినిమాకు, అందులోనూ గతజన్మ కథ అని మొదట్లోనే చెప్పేసే సినిమాకు, ఆ నియమం అంతగా వర్తించదు. నిన్నో మొన్నో విడుదలైన సినిమా అయితే, అమలాపురం హాల్లో రేపు చూడబోయేవారిని దృష్టిలో పెట్టుకుని ఆగవలసినచోట ఆగాలి.

వాక్యాల దగ్గరికి వద్దాం. ఇది సవరణకూ దిద్దుబాటుకూ మధ్య ఉన్న పొలిమేర. 'నిర్మించబడిన', 'చిత్రీకరించబడ్డాయి' వంటి రూపాలు తప్పు కాదు, కానీ తెలుగు వాక్యానికి అవి బరువు. 'ఆదుర్తి తీసిన', 'చిత్రీకరించారు' అంటే పని చేసిన మనిషి కనిపిస్తాడు, సమీక్షలో మనిషి కనిపించడం అవసరం కూడా. ఏ నిర్ణయం దర్శకుడిది, ఏది ఛాయాగ్రాహకుడిది, ఏది పాటల రచయితది అన్నది తేల్చి చెప్పడమే సమీక్షకుల పని. 'బడు' చేరగానే ఆ లెక్క చెరిగిపోతుంది. 'గోదావరి యొక్క నీలి జలాలు' అన్నచోట 'యొక్క' తీసేస్తే పోయేదేమీ లేదు. 'అక్కినేని మరియు సావిత్రి' అనే బదులు 'అక్కినేని, సావిత్రి' అన్నా, 'అక్కినేనీ సావిత్రీ' అని దీర్ఘం ఇచ్చినా మన చెవికి ఇంపుగా ఉంటుంది.

గౌరవ వాచకాల విషయంలో తెలుగు సమీక్షకు ప్రత్యేకమైన ఒక ఇబ్బంది ఉంది. నటులను 'నటించారు' అనాలా, 'నటించింది' అనాలా? నమూనా పేరాలో అక్కినేని, సావిత్రి 'జీవించారు', జమున మాత్రం 'బాగా చేసింది'. ఒకే పేరాలో ఇద్దరికి గౌరవం ఇచ్చి మూడో మనిషికి తీసేయడం రాసినవారు కావాలని చేసినది కాదు. 'అక్కినేని, సావిత్రి' అని ఇద్దరు కలిసేసరికి బహువచనం వచ్చింది, ఒంటరిగా నిలబడ్డ జమున దగ్గర ఏకవచనం వచ్చింది. కానీ చదివేవారికి అది చిన్నచూపుగానే తోస్తుంది. నేను పాటించమని చెప్పే పద్ధతి సులువైనది. నటులకు, సాంకేతిక నిపుణులకు అందరికీ ఒకే తీరుగా 'నటించారు', 'రాశారు', 'తీశారు' అనాలి. పాత్రలకు కథలోని వరసను బట్టి 'వస్తాడు', 'చెబుతుంది' అనాలి. అప్పుడు సావిత్రి ఎక్కడ ఆగుతారో, రాధ ఎక్కడ మొదలవుతుందో క్రియాపదమే చెబుతుంది. కాలం కూడా అంతే. కథ చెప్పేటప్పుడు 'పడవ ఎక్కుతుంది, కథ వింటారు' అన్న రూపం ఎంచుకుంటే చివరిదాకా దానితోనే నడవాలి, సినిమా తీసిన సంగతులకు 'విడుదలైంది, పాడారు' అన్న భూతకాలం ఉంచాలి. సగం దారిలో 'ఎక్కింది' నుంచి 'ఎక్కుతుంది'కి మారితే, గతజన్మ, ఈ జన్మ అంటూ రెండు కాలాల్లో నడిచే ఇలాంటి సినిమా విషయంలో పాఠకులు ఏ జన్మలో ఉన్నారో తెలియక తికమకపడతారు.

తరవాత వాస్తవాలు. నమూనా పేరాలో 'గోదారి గట్టుంది' పాటను ఆత్రేయ పేరిట రాశారు. ఆ సినిమాలో ఆత్రేయ పాటలు ఉన్న మాట నిజమే, కానీ ఆ పాట దాశరథిది. పాడినవారు పి.సుశీల, సంగీతం కె.వి.మహదేవన్. ఇలాంటి తప్పును ఏ అక్షరదోషమూ పట్టివ్వదు, వాక్యం నున్నగా ఉంటుంది. ఈ సినిమాను ఆదుర్తే 1967లో 'మిలన్' పేరుతో హిందీలో తీశారని, సునీల్ దత్, నూతన్ నటించిన ఆ సినిమాలో గౌరి పాత్రను మళ్ళీ జమునే వేశారని రాయదలచుకుంటే, గౌరి గురించి వాదించే వ్యాసానికి అది ఎంతో బలం ఇస్తుంది. కానీ సంవత్సరమూ పేర్లూ ఒకటికి రెండుసార్లు చూసుకున్నాకే రాయాలి.

పురస్కారాల దగ్గర మరింత మెలకువ కావాలి. 'శంకరాభరణం' మీద వ్యాసం రాసేవారు అది జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం అందుకుందని రాయడం మామూలు. స్వర్ణకమలం వచ్చింది, కానీ అది ప్రజాదరణ పొంది చక్కని వినోదాన్ని అందించిన చిత్రం అన్న విభాగంలో వచ్చింది. ఉత్తమ చిత్రం విభాగం వేరు. సంగీత దర్శకత్వానికి మహదేవన్‌కు, గానానికి ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యానికి, వాణీ జయరాంకు కూడా జాతీయ పురస్కారాలు లభించాయి. సినిమా విడుదలైంది 1980 ఫిబ్రవరిలో, పురస్కారాలు 1979 సంవత్సరానివి. అక్కడ లెక్క విడుదల తేదీ మీద కాక సెన్సారు ధ్రువపత్రం తేదీ మీద నడుస్తుంది. ఇది తెలియని విద్యార్థి రెండు సంవత్సరాల్లో ఒకటి తప్పనుకుని 'దిద్ది' ఉన్న నిజాన్ని పాడుచేస్తాడు. అదే సినిమాలోని పాటలన్నీ వేటూరివి అనో, కీర్తనలన్నీ త్యాగరాజువి అనో గంపగుత్తగా రాసేయడం మరో అలవాటు. 'బ్రోచేవారెవరురా' మైసూరు వాసుదేవాచార్య కీర్తన, 'ఏ తీరుగ నను' భద్రాచల రామదాసుది. వ్యాసంలో ఉన్న ప్రతి పేరు కింద, ప్రతి అంకె కింద పెన్సిలుతో గీత గీసి, ఒక్కొక్కటే సరిచూసుకుని చెరిపేసుకుంటూ పోవడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ అంతకంటే నమ్మకమైనది నాకు తెలియదు. సరిచూడటానికి మొదటి ఆధారం సినిమా మొదట్లో పడే పేర్ల పట్టికే. దానికోసం కూడా సినిమా దగ్గరికే వెళ్ళాలి.

అక్షరాలు చివరికి మిగిలాయి. తెలుగులో అక్షరదోషాలు రెండు రకాలు. ఒక రకం, దిద్దకపోయినా అర్థం చెడనివి: 'సన్నివేషం' (సన్నివేశం), 'నేపధ్యం' (నేపథ్యం), 'ఛాయాగ్రహనం' (ఛాయాగ్రహణం), 'ఉచ్ఛారణ' (ఉచ్చారణ). చదివేవారు నొచ్చుకుంటారు తప్ప పొరపడరు. రెండో రకం, తప్పు రాసినా మరో సరైన మాట అయ్యేవి. 'కళ' అనబోయి 'కల' అన్నా, 'పురస్కార ప్రదానం' అనబోయి 'ప్రధానం' అన్నా, 'అర్థం' అనబోయి 'అర్ధం' అన్నా అక్కడ ఉన్నది నిఘంటువులో దొరికే మాటే. నమూనా పేరాలోని 'మద్య' ఇలాంటిదే. ఫోన్లలో ఆంగ్ల అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతిలో చిన్న అక్షరం, పెద్ద అక్షరం తేడాతోనే న, ణ, ల, ళ మారిపోతాయి కాబట్టి ఈ రెండో రకం ఈమధ్య బాగా పెరిగింది. యంత్రం పట్టుకుంటుందిలే అని వదిలేయడానికి లేదు. మన భాషలో ఒక్క 'పడవ' నుంచే పడవలో, పడవలోంచి, పడవెక్కి, పడవవాడిదే అంటూ ఎన్నో రూపాలు పుడతాయి. సంధులు, విభక్తులు కలిసిన ఆ రూపాలన్నీ యంత్రానికి తెలియకపోవచ్చు, తెలియనిచోట సరైనదాన్ని తప్పని చూపించవచ్చు. 'క్లైమాక్స్‌లో' అని కొట్టబోతే మధ్యలో అక్షరాలు కలవకుండా ఆపే కనిపించని గుర్తు పడక 'క్లైమాక్స్లో' అని ముద్ద కావడమూ, పాత ఫాంట్లలో కొట్టించినది యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోవడమూ కళ్ళతో చూసి పట్టుకోవలసినవే.

దిద్దకూడని చోట దిద్దడం కూడా తప్పే, గోదావరి సినిమాల సమీక్షల్లో ఇది తరచు ఎదురవుతుంది. 'మూగమనసులు'లో గోపి రాధకు పాట నేర్పే సందర్భం ఉంది. 'నా పాట నీ నోట పలకాల సిలక' అని అతను పాడితే చదువుకున్న పిల్ల కాబట్టి ఆమె 'చిలక' అంటుంది. 'చి' కాదు, 'సి' అని అతను దిద్దుతాడు. చదువు చెప్పించుకునే మనిషినే పడవవాడు దిద్దే ఆ ఘడియలో ఇద్దరి అంతస్తులూ తలకిందులవుతాయి, ఆ సన్నివేశం అందమంతా ఆ ఒక్క అక్షరంలో ఉంది. సమీక్షలో ఈ పంక్తిని ఎత్తి రాసిన విద్యార్థి కాగితం మీద 'సిలక' కనిపించగానే ఎర్రసిరాతో 'చిలక' అని దిద్దితే, సన్నివేశమే చచ్చిపోతుంది. 'అమ్మాయిగోరు'ను 'అమ్మాయిగారు' చేసినా అంతే. ఉల్లేఖనంలో ఉన్నది పాత్ర మాట, దాని మీద మనకు అధికారం లేదు. దిద్దేవారికి అనుమానం రాకుండా ఉండాలంటే ఎత్తి రాసిన ప్రతి మాటనూ విద్యార్థి ఉల్లేఖన చిహ్నాల మధ్యే పెట్టాలి, తన సొంత వాక్యంలో మాత్రం ప్రమాణ రూపమే రాయాలి. యాస రాసిన మనిషిదా పాత్రదా అన్నది కాగితమే చెప్పాలి.

చివరిగా సాపుప్రతి గురించి. తిరగరాసేటప్పుడు కొత్త తప్పులు పుడతాయన్న సంగతి చాలామంది పట్టించుకోరు. ఒకే మాటతో ముగిసే రెండు వాక్యాలు దగ్గర దగ్గరగా ఉంటే కన్ను మొదటిదాని నుంచి రెండోదానికి జారి మధ్యలోది ఎగిరిపోతుంది. రాసినవారే చదువుకుంటే ఎగిరిపోయిన వాక్యం మనసులో ఉంటుంది కాబట్టి కాగితం మీద లేదని తెలియదు. అందుకని ఇద్దరు కూర్చోవాలి. ఒకరు చిత్తుప్రతిని విరామచిహ్నాలతో సహా పైకి చదవాలి, మరొకరు సాపుప్రతిని వేలితో అనుసరించాలి. తొందరలేని రోజు చూసుకుని, కనీసం ఒక రాత్రి గడిచాక చేస్తే మరీ మంచిది. అధ్యాపకులు కూడా సాపుప్రతి ఒక్కటే తీసుకోకుండా చిత్తుప్రతిని దానికి జతచేసి ఇమ్మనాలి. మొదటి ప్రతిలో లేని ఏ సన్నివేశం రెండో ప్రతిలోకి వచ్చింది, ఏ తీర్పు ఆధారం దొరక్క కొట్టివేతకు గురైంది, విద్యార్థి సినిమా దగ్గరికి ఎన్నిచోట్ల తిరిగి వెళ్ళాడు అన్నది ఆ రెండూ పక్కపక్కన పెడితేనే కనిపిస్తుంది. మార్కుల్లో సగమైనా ఆ తేడాకు వేయాలి, అక్షరాలకు మిగతావి వేయవచ్చు.